‘తొందరేమీ లేదు’ అంటూ రాత్రి పదింటికి మెసేజ్ పంపే మేనేజర్లకు ఒక బహిరంగ లేఖ

బృందాలను నడిపే మేనేజర్లకు, విభాగాధిపతులకు, యాజమాన్యాలకు,

నమస్కారం.

నేను పద్దెనిమిదేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. అందులో ఆరేళ్లు ఏడుగురున్న ఒక బృందాన్ని నడిపాను. ఇప్పుడు మరో చోట, మరొకరి కింద పనిచేస్తున్నాను. రాత్రిపూట ఆఫీసు మెసేజ్‌లు అందుకున్నదీ నేనే, పంపినదీ నేనే. ఆ రెండు అనుభవాలతోనూ ఈ లేఖ రాస్తున్నాను. మిమ్మల్ని దుర్మార్గులని అనడం నా ఉద్దేశం కాదు. మీలో చాలామంది మంచివారు. మంచివారు కాబట్టే మెసేజ్ చివర ‘తొందరేమీ లేదు’ అని చేరుస్తారు. నేను మాట్లాడదలచుకున్నది ఆ రెండు ముక్కల గురించే.

ఈమధ్య ఒక రాత్రి నా కూతురు నాకు కథ చదివి వినిపిస్తోంది. ఎనిమిదేళ్ల పిల్ల. తడుముకోకుండా చదవడం కొత్తగా వచ్చింది కనుక, నాచేత చదివించుకోవడం మానేసి తానే చదువుతోంది. పదాల కింద వేలు జరుపుకుంటూ పోతోంది. మంచం పక్కన బల్ల మీద ఫోను బోర్లా పెట్టి ఉంది. అది ఒక్కసారి సన్నగా వణికింది. నేను అటు చూడలేదు, చెయ్యి చాపలేదు. అయినా పిల్ల చదవడం ఆపేసింది. వాక్యం మధ్యలో, ఆగిన పదం కింద వేలు అలాగే ఉంచి నా ముఖంలోకి చూసింది. ‘‘చూసుకో అమ్మా, నేను ఇక్కడే ఆగుతాను’’ అంది. ఆ గొంతులో అలక ఉన్నా నాకు కొంత ఊరటగా ఉండేది. వాన మొదలైతే గొడుగు విప్పినంత మామూలుగా అంది.

వచ్చిన మెసేజ్ ఇది: ‘వచ్చే వారం నివేదికలో మూడో పట్టిక ఒకసారి చూడండి. తొందరేమీ లేదు.’ సమయం 9:47. చదవడానికి నాలుగు క్షణాలు పట్టింది. జవాబు రాయలేదు. ఫోను మళ్లీ బోర్లా పెట్టాను. పిల్ల వేలు ఆపిన చోటినుంచి అందుకుంది. కథలో ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు. నేను మూడో పట్టికలో ఉన్నాను.

మీ లెక్కలో ఆ రాత్రి నేను పని చేసింది నాలుగు క్షణాలు. అది చాలా చిన్న విషయమని మీకు అనిపిస్తుంది. మా మేనేజరుకూ అలాగే అనిపించి ఉంటుంది. ఆయనకు ఆ సమయంలో ఆ ఆలోచన వచ్చింది, మర్చిపోకముందే రాసి పడేశారు, ఆయన తల తేలికపడింది. ఆ బరువు అక్కడినుంచి ఎటు వెళ్లిందన్నదే నా ప్రశ్న.

నేను బృందాన్ని నడిపిన రోజుల్లో నేను చేసిందీ ఇదే. ఒకరోజు మా బృందంలోని ఒక కుర్రవాడు ఉద్యోగం మానేసి వెళ్లిపోతూ, చివరి సాయంత్రం నా గదికి వచ్చాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: ‘‘మేడమ్, మీరు తొందర లేదని రాసిన రోజే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. తొందర ఉందంటే చేసేసి పడుకునేవాణ్ణి. లేదంటే ఎంతసేపు ఆగవచ్చో తెలిసేది కాదు.’’ స్నానానికి వెళ్లేటప్పుడు ఫోనును ప్లాస్టిక్ సంచిలో చుట్టి లోపలికి తీసుకెళ్లేవాడట. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడ్డాడు. సిగ్గుపడాల్సింది నేను. నేను అతనికి రాత్రివేళ మెసేజ్ పంపింది నెలలో ఏ నాలుగైదు సార్లో. కానీ అతను ఫోను చుట్టుకుని వెళ్లింది ప్రతి రాత్రీ.

ఈ విషయంలో మీరు చూడలేకపోతున్నది ఇదే. మెసేజ్ వచ్చిన రాత్రి పోయేది నాలుగు క్షణాలో, పావుగంటో. మెసేజ్ రాని రాత్రులు కూడా పోతాయి. వస్తుందేమోనన్న ఎదురుచూపులో పోతాయి. ఆ ఎదురుచూపు ఏ హాజరుపట్టీలోనూ ఉండదు, ఏ జీతం చీటీలోనూ కనబడదు. అలసట మాత్రం మనిషికి నిజంగానే మిగులుతుంది.

ఇది నా ఒక్కదాని మనసు చేసిన కల్పన కాదు. 2018లో విలియం బెకర్, ల్యుబా బెల్కిన్ తదితర పరిశోధకులు దీన్నే పరిశీలించారు. పని వేళల తర్వాత మెయిళ్లు చూస్తూ ఉండాలని సంస్థ ఆశిస్తోందన్న భావన ఉంటే చాలు, ఉద్యోగిలో ఆందోళన పెరుగుతోందని, అది ఇంట్లో ఉన్న జీవిత భాగస్వామికి కూడా పాకుతోందని వారు తేల్చారు. మూడేళ్ల తర్వాత, 2021లో, లారా జుర్జె, వెనెస్సా బోన్స్ మరో కోణం చూశారు. అత్యవసరం కాని మెయిలుకు పంపినవారు ఎంత త్వరగా జవాబు ఆశిస్తున్నారని అడిగితే, అందుకున్నవారు అసలు ఉన్నదానికన్నా ఎక్కువ తొందరను ఊహించుకున్నారు. పంపినవారికి ఆ సంగతి తెలియనే తెలియదు. తొందర లేదని స్పష్టంగా రాస్తే ఆ తేడా తగ్గిందని కూడా వారే చెప్పారు.

మరి మా కుర్రవాడి విషయంలో ఎందుకు తగ్గలేదు? చాలాకాలం ఆలోచించాను. నేను మెసేజ్‌లో ఒకటి రాసి, మీటింగులో ఇంకొకటి చెప్పాను కాబట్టి. ఒక సోమవారం ఉదయం అందరి ముందూ ఒకామెను మెచ్చుకున్నాను. ‘‘రాత్రి పదకొండింటికి పంపితే ఐదు నిమిషాల్లో జవాబిచ్చింది, మనకు కావాల్సింది ఇలాంటి నిబద్ధత’’ అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. మిగిలిన ఆరుగురూ ఆ మాటను మనసులో రాసుకున్నారు. ఆ తర్వాత నేను ఎన్ని వందల సార్లు ‘తొందరేమీ లేదు’ అని రాసినా వాళ్లు నమ్మాల్సింది ఏ మాటను? జీతం పెంపు నిర్ణయించే మనిషి నోట వచ్చిన మెప్పును నమ్ముతారు. నమ్మారు.

ఒకప్పుడు ఈ సమస్య ఉండే వీలే లేదు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన మొట్టమొదటి ఒడంబడిక పరిశ్రమల్లో పనిని రోజుకు 8 గంటలకు, వారానికి 48 గంటలకు పరిమితం చేసింది. ఆనాటి కార్మికుడి శ్రమ మనకన్నా ఎన్నో రెట్లు కఠినమైనది, దాన్ని మన కష్టంతో పోల్చను. కానీ సైరన్ మోగితే యంత్రం ఆగేది, గేటు మూసేవారు. ఆ యంత్రాన్ని జేబులో పెట్టి కార్మికుడి వెంట పంపడం సాధ్యమయ్యేది కాదు. అందుకే గంటలను లెక్కపెట్టగలిగారు, లెక్కపెట్టగలిగారు కాబట్టి పోరాడగలిగారు. ఇప్పుడు మన యంత్రం అరచేతిలో పడుతుంది. అదే ఫోనులో బడి నుంచి వచ్చే కబురూ ఉంటుంది, ఆస్పత్రి నుంచి వచ్చే కబురూ ఉంటుంది. ‘ఫోను పక్కన పడేయండి’ అని సలహా ఇచ్చేవారు ఈ ముక్క మరిచిపోతారు. ఇంట్లో పెద్దవాళ్లు మంచాన ఉన్నవారికి ఫోను ఆపేసే అవకాశం ఎక్కడిది?

సుదీర్ఘ పని గంటల వల్ల జరిగే నష్టం గురించి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రచురించిన అంచనా ప్రకారం, వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండె రక్తనాళాల జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ. అది పని గంటల లెక్క. ఎదురుచూపు గంటలను కూడా పనిగా లెక్కించవచ్చా అన్నది నన్ను పట్టి పీడించిన ప్రశ్న. దానికి ఒక న్యాయస్థానంలో కొంత జవాబు దొరికింది.

బెల్జియంలోని నివెల్ అనే పట్టణంలో ఒక స్వచ్ఛంద అగ్నిమాపక దళ సభ్యుడి కేసు అది. అతని వంతు వచ్చినప్పుడు ఇంట్లోనే ఉండవచ్చు, కానీ పిలుపు వస్తే 8 నిమిషాల్లో కేంద్రానికి చేరుకోవాలి. ఇంట్లో కూర్చున్న ఆ సమయం విశ్రాంతా, పనా? అది పని సమయమేనని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. మంట అంటుకోకపోయినా, గంట మోగకపోయినా, ఆ 8 నిమిషాల షరతు మనిషిని కట్టిపడేస్తుంది గనుక. అయితే ప్రతి ఎదురుచూపునూ పనిగా లెక్కించలేమని కూడా అదే న్యాయస్థానం 2021లో వివరించింది. మనిషి తన తీరిక వేళను తన ఇష్టప్రకారం గడుపుకోలేనంత గట్టి కట్టడి ఉన్నప్పుడే అది పని సమయం అవుతుంది. నాకు ఈ వివరణ న్యాయంగానే తోచింది. మా కుర్రవాడికి 8 నిమిషాలని ఎవరూ చెప్పలేదు. ఎన్ని నిమిషాలో చెప్పకపోవడమే అతని కట్టడి.

చట్టాలు చేసిన దేశాలున్నాయి. ఫ్రాన్స్‌లో 2017 జనవరి 1 నుంచి, 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు పని వేళల తర్వాత ఆఫీసు ఫోన్లకు, మెయిళ్లకు దూరంగా ఉండే హక్కు గురించి ఉద్యోగుల ప్రతినిధులతో చర్చించాలి. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26న అమల్లోకి వచ్చిన చట్టంలో ఒక చిన్న విశేషం నాకు నచ్చింది. పని వేళల తర్వాత వచ్చే సందేశాలకు జవాబివ్వడానికి నిరాకరించవచ్చు అని ఊరుకోలేదు. గమనిస్తూ ఉండటానికి, చదవడానికి, జవాబివ్వడానికి నిరాకరించవచ్చు అంది, ఆ నిరాకరణ అసమంజసం కానంతవరకు. గమనిస్తూ ఉండటాన్ని విడిగా ఒక పనిగా పేర్కొన్నారు. దాన్ని రాసినవారు ఎప్పుడో ఒక రాత్రి ఫోను పక్కన పెట్టుకుని కూర్చునే ఉంటారని నా నమ్మకం.

కానీ నిరాకరించే హక్కు కన్నా నాకు పోర్చుగల్ పద్ధతి మీద గురి. 2021లో అక్కడ చేసిన చట్టం బాధ్యతను యజమాని మీద పెట్టింది. విశ్రాంతి వేళలో ఉద్యోగిని సంప్రదించకుండా ఉండటం యజమాని విధి, తప్పించుకోలేని విపత్కర పరిస్థితుల్లో తప్ప. ఈ తేడా చాలా పెద్దది. హక్కు నాదైతే నేను దాన్ని వాడుకోవాలి. మీ ముఖం మీద ‘చూడను’ అనాలి. అప్రైజల్ వచ్చే నెలలో ఉందని తెలిసి కూడా అనాలి. కొత్తగా చేరినవారు, ఇంటి అప్పు నెత్తిన ఉన్నవారు, ఇంకో ఉద్యోగం సులువుగా దొరకనివారు అనలేరు. తక్కెడ మీ చేతిలో ఉంది, తూకం సరిచేసే బాధ్యత మాత్రం మా నెత్తిన పెట్టారు. పని, ఇల్లు మధ్య సమతూకం గురించి మాకు శిక్షణ తరగతులు ఇప్పిస్తారు, ఊపిరి ఎలా పీల్చాలో నేర్పిస్తారు. తరగతి ముగిసిన రాత్రే మెసేజ్ వస్తుంది.

అలాగని మెయిళ్లు వెళ్లే దారినే మూసేయమని నేను అడగడం లేదు. 2011లో ఫోక్స్‌వాగన్ జర్మనీలోని కొందరు ఉద్యోగుల ఫోన్లకు షిఫ్ట్ ముగిసిన అరగంట తర్వాత మెయిళ్లు వెళ్లకుండా ఆపేసి, మర్నాడు షిఫ్ట్ మొదలయ్యే అరగంట ముందు తిరిగి మొదలుపెట్టే ఏర్పాటు చేసింది. ఆ ఉద్దేశానికి నమస్కరిస్తాను. కానీ పిల్లల కోసం సాయంత్రం నాలుగింటికే వెళ్లిపోయి, వాళ్లు నిద్రపోయాక పని ముగించుకునే తల్లులున్నారు, తండ్రులున్నారు. రాత్రివేళ వారి ఎంపిక, వారి స్వేచ్ఛ. దాన్ని తీసేయకూడదు. వాళ్లు రాయవచ్చు. రాసింది అవతలివారికి ఉదయం చేరాలి, అంతే. జీమెయిల్‌లో 2019 నుంచి ఆ సదుపాయం ఉంది, ఆఫీసుల్లో వాడే చాలా యాప్‌లలోనూ ఉంది. ఆలోచన మరిచిపోతామన్న భయం ఉంటే రాసేయండి, ఉదయం తొమ్మిదిన్నరకు వెళ్లేలా పెట్టండి. మీ తలా తేలికపడుతుంది, ఎవరి రాత్రీ బరువెక్కదు. వేర్వేరు దేశాల బృందాలు కలిసి పనిచేసే చోట అకాల మీటింగులు తప్పవు. అవి ఎప్పుడూ ఒక దేశంవారి నిద్రనే తినకుండా వంతులు మార్చండి.

జర్మనీ కార్ల సంస్థ డైమ్లర్ 2014లో తెచ్చిన పద్ధతి నాకు ఇంకా నచ్చింది. సెలవులో ఉన్న ఉద్యోగి కోరుకుంటే, వచ్చిన మెయిల్ దానంతట అదే చెరిగిపోతుంది. పంపినవారికి ఆ సంగతి తెలుస్తుంది, అత్యవసరమైతే ఎవరిని అడగాలో తెలుస్తుంది. సెలవు నుంచి తిరిగి వచ్చిన మనిషి కోసం వందల మెయిళ్లు కాచుకుని కూర్చోవు. ఇక్కడ కూడా భారం పంపినవారిదే అని గమనించండి.

‘మరి అత్యవసరమైతే?’ అని మీరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. సర్వర్లు ఆగిపోతాయి, రోగుల పరిస్థితి విషమిస్తుంది, సరుకుతో వెళ్లిన లారీ దారిలో నిలిచిపోతుంది. దీనికి నా దగ్గర ఒకటే సూచన ఉంది. అత్యవసరమైతే మెసేజ్ పంపకండి, ఫోన్ చేయండి. రాత్రి పదింటికి ఒక మనిషికి ఫోన్ చేయాలంటే మీకు మొహమాటం అడ్డొస్తుంది. వాళ్లు నిద్రపోయి ఉంటారేమో, ఇంట్లో ఎవరికైనా బాగాలేదేమో అని ఒక క్షణం ఆగుతారు. ‘ఇది ఉదయం దాకా ఆగదా?’ అని మిమ్మల్ని మీరు అడుగుతారు. ఆ ఒక్క క్షణమే మెసేజ్ మన దగ్గరినుంచి తీసేసుకుంది. మొహమాటపడకుండా ఫోన్ చేయగలిగినంత పెద్ద అవసరమైతే చేయండి, తప్పకుండా ఎత్తుతాం. మొహమాటం గెలిచిందంటే ఆ పని ఉదయం దాకా ఆగుతుందని అర్థం. నా బృందంలో నేను ఈ నియమం పెట్టాక రాత్రిపూట ఫోన్ చేయాల్సిన అవసరం ఏడాది మొత్తంలో నాకు మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ ఎత్తారు. అంతకుముందు ఒక్కొక్కరికి నెలకు నాలుగైదు మెసేజ్‌లు అవసరమనుకునే పంపేదాన్ని.

నిజానికి ఆ మార్పు వెంటనే రాలేదు. మొదటి రెండు నెలలూ వాళ్లు రాత్రుళ్లు ఫోను చూస్తూనే ఉన్నారని తర్వాత తెలిసింది. నేను మాట మీద ఉంటానో లేదోనని చూశారు. మాట తప్పుతానని ఎదురుచూసినందుకు వాళ్లను తప్పుపట్టలేను. మూడో నెలలో ఒకామె మాటల మధ్యలో చెప్పింది: ‘‘మేడమ్, నిన్న రాత్రి ఫోను వంటింట్లో మర్చిపోయి పడుకున్నాను.’’ అదేదో పెద్ద వార్తలా చెప్పింది. నాకూ అది పెద్ద వార్తే.

నిరంతరం ఎవరో ఒకరు అందుబాటులో ఉండక తప్పని పనులుంటే వంతులు వేయండి. ఆన్‌కాల్ అంటే అదే కదా. ఈ రాత్రి ఎవరి వంతో పేరు రాసి పెట్టండి, ఆ వంతుకు డబ్బు ఇవ్వండి, మర్నాడు ఆలస్యంగా రానివ్వండి. ఒకరు మేలుకుని ఉంటే మిగిలినవారు నిశ్చింతగా నిద్రపోతారు. ఎవరి వంతో చెప్పని చోట అందరూ సగం మేలుకునే ఉంటారు. ఇంకొక మాట. డబ్బు ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఎన్ని రాత్రులు నిజంగా అవసరమో లెక్క దానంతట అదే తేలుతుంది.

1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలోని 24వ అధికరణం విశ్రాంతికీ తీరిక వేళకూ ప్రతి మనిషికీ హక్కుందని చెబుతుంది, పని గంటలకు సహేతుకమైన పరిమితిని కూడా అందులోనే చేర్చింది. ఆ ప్రకటన రాసినవారి కళ్లముందు అరచేతిలో వణికే ఈ వస్తువు లేదు. కానీ తీరిక అనే మాటకు అర్థం మారలేదు. ఎవరైనా పిలుస్తారేమోనని చెవి ఒగ్గి కూర్చున్న మనిషికి తీరిక ఉన్నట్టు కాదు.

మీలో చాలామంది కూడా మీ పైవారి మెసేజ్ కోసం ఇలాగే కాచుకుని ఉంటారని నాకు తెలుసు. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు వాక్యం మధ్యలో ఆగి మీ ముఖంలోకి చూస్తూ ఉంటారు. అందుకే ఈ లేఖను యాజమాన్యాలకూ కలిపి రాశాను. కింది మేనేజరు ఒక్కరు మారితే వారి రాత్రి మారదు.

వచ్చే సోమవారం ఉదయం మీటింగులో మొదటి ఐదు నిమిషాలు దీనికి ఇవ్వండి. సాయంత్రం ఎన్ని గంటలకు పని ముగిసినట్టో అంకెతో చెప్పండి. ఆ తర్వాత మెసేజ్ చూడనివారికి అప్రైజల్‌లో ఏ నష్టమూ ఉండదని నోటితో చెప్పి, రాతలో కూడా పెట్టండి. ‘తొందరేమీ లేదు’ అని రాయాల్సి వస్తే దాని బదులు ‘గురువారం మధ్యాహ్నం లోపు చాలు’ అని రాయండి. ఈ వారం ఏ రాత్రి ఎవరి వంతో ఆ పట్టిక అందరికీ కనబడే చోట పెట్టండి. అర్ధరాత్రి జవాబిచ్చినవారిని అందరి ముందూ మెచ్చుకోకండి. వారిని పక్కకు పిలిచి, ఎందుకు మేలుకుని ఉన్నారో అడగండి.

ఇట్లు,
మీ కింద పనిచేసే ఒక ఉద్యోగిని